ఊదా రంగు పసుపైనంత మాత్రాన వయసు ఆగదు

ఏ ఫార్మసీ కాలేజీ ల్యాబుకు వెళ్లినా ఈ పని జరుగుతూ కనిపిస్తుంది. పెరట్లోనో పొలం గట్టునో దొరికిన ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. డీపీపీహెచ్ అనే రసాయనం కలిపిన ద్రావణం ముదురు ఊదా రంగులో ఉంటుంది. అందులో ఆకు సారం కాస్త వేసి, అరగంట చీకట్లో పెట్టి తీస్తే ఊదా విరిగి పసుపు తేలుతుంది. 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకుంటారు, విటమిన్ సితో పోలుస్తారు, 'చెప్పుకోదగ్గ యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఉంది' అని థీసిస్ ముగిస్తారు. మునగాకు, కరివేపాకు, తిప్పతీగ, గలిజేరు, ఉత్తరేణి... ఈ పరీక్షలో తప్పిన ఆకంటూ నేను చదవలేదు. తప్పదు కూడా. ఫినాల్ జాతి పదార్థాలు ఉన్న ఏ మొక్కయినా ఈ రంగు మారుస్తుంది. చిన్న సంగతి ఒకటుంది: డీపీపీహెచ్ అనే ఆ ఫ్రీ రాడికల్ ల్యాబు సీసాలో తప్ప ఏ ప్రాణి ఒంట్లోనూ ఉండదు.

ఆ రంగు మార్పు అక్కడితో ఆగితే ఎవరికీ పేచీ లేదు. అది పత్రికల ఆదివారం అనుబంధాల్లోకి, యూట్యూబ్‌లోకి, మందుల షాపు అద్దాల అరలోకి నడిచి వస్తుంది. వచ్చేసరికి ఒక సిద్ధాంతం తయారై ఉంటుంది. ముసలితనానికీ షుగరుకీ గుండెజబ్బుకీ క్యాన్సర్‌కీ మతిమరుపుకీ మూలం ఆక్సీకరణ ఒత్తిడి. మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లు దాన్ని అణుస్తాయి. కాబట్టి ఈ జబ్బులన్నిటికీ అవే మందు. పైగా ప్రకృతి ఇచ్చినవి గనక హాని చెయ్యవు. చెప్పేది అమ్ముకునేవాళ్లే అయితే సరిపెట్టుకోవచ్చు. సమీక్షా వ్యాసాలు రాసే ప్రొఫెసర్లు, టీవీలో కూర్చునే డాక్టర్లు కూడా ఇదే పాట పాడుతున్నారు. ఇందులో మొదటి మాట సగం నిజం. రెండోది గాజు గొట్టంలో నిజం. మూడోది అబద్ధం. నాలుగోది ఆస్పత్రి పాలు చేసే అబద్ధం.

ఈ సిద్ధాంతం పుట్టుక మాత్రం గౌరవనీయమైనదే. డెన్హమ్ హార్మన్ అనే అమెరికన్ మొదట షెల్ ఆయిల్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త, తరువాత వైద్యం చదివాడు. రేడియేషన్ తగిలిన కణాల్లో పుట్టే ఫ్రీ రాడికల్సే మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు కూడా పుడతాయనీ, అవి డీఎన్ఏనీ ప్రొటీన్లనీ కొంచెం కొంచెంగా చెరుపుతూ ముసలితనం తెస్తాయనీ 1956లో ఒక పత్రం ప్రచురించాడు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ చేసే పనిని కనిపెట్టారు. ఫ్రీ రాడికల్స్‌ను అణచడానికి ఒంట్లో ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉందంటే ప్రమాదం నిజమేనన్నమాట. ఇక్కడిదాకా మంచి సైన్సు. ఆ తరువాత ఇనుముకు తుప్పు పట్టినట్టే మనిషికి వయసు పడుతుందన్న పోలిక పుట్టింది. అది జనం నోటికి బాగా పట్టింది, అందుకే ఇంత చేటు చేసింది. మేకు తనను తాను బాగుచేసుకోదు, తుప్పుతో దానికి పనీ లేదు. కణం ఆక్సీకరణ వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దుకుంటుంది, ఆ ఆక్సీకరణనే తన పనులకు వాడుకుంటుంది కూడా.

పరీక్షలు జరగలేదా అంటే, జరిగాయి. ఇంత భారీగా పరీక్షకు నిలబడిన ఆరోగ్య నమ్మకాలు తక్కువ. కూరగాయలు ఎక్కువ తినేవాళ్లకు క్యాన్సర్లు తక్కువని 1970లలోనే గమనించారు. కారణం క్యారెట్ రంగు పదార్థమైన బీటా కెరోటిన్ కావచ్చా అని 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ తదితరులు ప్రశ్న లేవనెత్తారు. ప్రశ్నగానే లేవనెత్తారు, జవాబుగా కాదు. జవాబు కోసం ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకున్నారు. కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్ర. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తిన్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తక్కువ కాదు, ఎక్కువ.

కాకతాళీయం అన్నారు చాలామంది. అప్పటికే అమెరికాలో ఇలాంటిదే ఇంకో ట్రయల్ నడుస్తోంది. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ పనివాళ్లు కలిసి 18,314 మంది. దాన్ని 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా తేలాయి. మంచి చేస్తుందని గట్టిగా నమ్మి, మంచి మనసుతో ఇచ్చిన మాత్ర. ఆ తరువాత 35,533 మంది మగవాళ్ల మీద సెలీనియం, విటమిన్ ఇ ప్రొస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతాయేమోనని చూశారు. 2008లో ఫలితం లేదని మాత్రలు ఆపేశారు, మనుషులను మాత్రం గమనిస్తూనే ఉన్నారు. విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో బయటపడింది. 2012లో కాక్రేన్ సంస్థ 78 ట్రయల్స్‌ను, అంటే 2,96,707 మంది లెక్కను ఒకచోట చేర్చి చూసింది. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలతో ఆయుష్షు పెరిగిన దాఖలా లేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో మరణాలు కొంచెం పెరిగినట్టే ఉంది. మూడు లక్షల మంది సాక్ష్యం చెప్పాక కూడా తీర్పు రాలేదనడం మొండితనం.

ఇక్కడ ప్రకృతివాదులు గొంతు సవరించుకుంటారు. 'అవి ఫ్యాక్టరీ విటమిన్లండీ, మేం చెప్పేది మొక్కల్లోని అసలు సరుకు గురించి' అంటారు. సరే, అసలు సరుకే చూద్దాం.

ఎర్ర ద్రాక్షలోని రెస్వెరట్రాల్‌ను ఆయుష్షు మందుగా తయారు చేస్తామన్న సర్ట్రిస్ అనే కంపెనీని గ్లాక్సో స్మిత్ క్లైన్ 2008లో 72 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగుల మీద చేసిన ట్రయల్‌లో కొందరికి మూత్రపిండాలు దెబ్బతినడంతో 2010లో దాన్ని ఆపారు. 2013లో సర్ట్రిస్ దుకాణమే మూశారు. ఇటలీలో ద్రాక్షసారా నిత్యం తాగే కియాంటీ ప్రాంతంలో 783 మంది వృద్ధుల మూత్రంలో రెస్వెరట్రాల్ జాడలు కొలిచి, వాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ బతకలేదు. ఈ పదార్థం గుండెకు మేలంటూ ఎడాపెడా పేపర్లు రాసిన దీపక్ దాస్ అనే ప్రొఫెసర్ 145 చోట్ల డేటా కల్పించడమో తారుమారు చేయడమో చేశాడని కనెక్టికట్ విశ్వవిద్యాలయమే 2012లో ప్రకటించింది.

అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ ఒక మంచి పని చేస్తోంది. ఆయుష్షు పెంచుతుందన్న ప్రతి పదార్థాన్నీ ఒకేసారి మూడు వేర్వేరు ల్యాబుల్లో ఎలుకలకు పెట్టి చూస్తుంది. రెస్వెరట్రాల్ తప్పింది. పసుపులోని కర్క్యుమిన్ తప్పింది. గ్రీన్ టీ సారం తప్పింది. క్రియోసోట్ పొదనుంచి వచ్చే ఎన్డీజీఏ అనే యాంటీ ఆక్సిడెంట్ మగ ఎలుకలకు మాత్రం కొంత ఆయుష్షు ఇచ్చింది, ఆడవాటికి ఇవ్వలేదు. మూత్రపిండాలకు చెరుపని ఒకప్పుడు ఆహార పదార్థాల్లోంచి తీసేసింది కూడా దాన్నే. ఆ పరీక్షల్లో ఆడ మగ రెండింటికీ ఖాయంగా ఆయుష్షు పెంచింది రపమైసిన్. అదీ ప్రకృతి ఇచ్చిందే, ఈస్టర్ దీవి మట్టిలోని బ్యాక్టీరియా నుంచి తీశారు. కానీ దాని పనికీ ఆక్సీకరణను అణచడానికీ సంబంధం లేదు. మూత్రపిండం మార్చినవాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందది. మొక్కా సూక్ష్మజీవీ మందు ఇవ్వవని నేను అనడం లేదు. అవి ఇచ్చే మందుకు 'యాంటీ ఆక్సిడెంట్' అనే ముద్ర ఏమీ చెప్పదంటున్నాను.

ఇక మన పసుపు. గాయాలు మాన్పే గుణం మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా పేటెంటును సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ గర్వం సబబే. నిజామాబాద్ యార్డులో, దుగ్గిరాల యార్డులో కొమ్ములకు ధర పలకాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా కర్క్యుమిన్ క్యాప్సూల్ సీసా మీది అంకెలు ఒకసారి చూడండి. 500 మిల్లీగ్రాముల సారం, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లు, అంటే 475 మిల్లీగ్రాములు. పసుపు కొమ్ములో అది సుమారు 3 శాతం. ఒక్క క్యాప్సూల్‌కు సరిపోవాలంటే దాదాపు 16 గ్రాముల పసుపు తినాలి. రోజుకు రెండు వేసుకోమని రాసి ఉంటే 32 గ్రాములు. ఏ పప్పులోనైనా ఏ పులుసులోనైనా ఏ ఇల్లాలైనా మనిషికి అంత పసుపు వేసిందా? 'తరతరాలుగా తింటున్నాం' అన్న సాక్ష్యం ఆ చిటికెడుకే చెల్లుతుంది, క్యాప్సూల్‌కు చెల్లదు.

మింగినా అది రక్తంలోకి దాదాపుగా చేరదు. పేగులూ కాలేయమూ దాన్ని వెంటనే మార్చి బయటికి తోసేస్తాయి. కర్క్యుమిన్ రసాయన లక్షణాలను తూర్పారబట్టిన 2017 నాటి ఒక సమీక్ష, నూటఇరవైకి పైగా ట్రయల్స్ జరిగినా సరైన కట్టుబాట్లతో చేసిన వాటిలో ఒక్కటీ గెలవలేదని తేల్చింది. కర్క్యుమిన్ ఎన్నో రసాయన పరీక్షల్లో దొంగ ఫలితాలు చూపిస్తుందని కూడా చెప్పింది. హ్యూస్టన్‌లో కర్క్యుమిన్ పరిశోధనకు పెద్ద పేరు తెచ్చిన భరత్ అగర్వాల్ పత్రాలు ఇరవైకి పైగా వెనక్కి పోయాయి. మోకాళ్ల నొప్పులకు కొంత ఉపశమనం ఇచ్చిందన్న చిన్న ట్రయల్స్ ఉన్నాయి. అవి నిలబడితే సంతోషమే. నొప్పి మందుగా వాడుకుందాం. ముసలితనాన్ని ఆపుతుందని మాత్రం అనొద్దు.

చేరని సరుకును చేర్చడానికి మిరియాల్లోని పైపరిన్ కలుపుతున్నారు. బెంగళూరులో చేసిన ఒక అధ్యయనం 1998లో, 20 మిల్లీగ్రాముల పైపరిన్ కలిపితే రక్తంలో కర్క్యుమిన్ 2000 శాతం పెరుగుతుందని చూపింది. ఈ అంకె ఇప్పుడు ప్రకటనల్లో మెరుస్తుంది. ఎలా పెరుగుతుందో ప్రకటన చెప్పదు. పేగుల్లో, కాలేయంలో పరాయి పదార్థాలను విరిచి పంపే ఎంజైములను పైపరిన్ అడ్డుకుంటుంది. ఆ ఎంజైములు కర్క్యుమిన్ ఒక్కదాని కోసం లేవు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, గుండెకు వాడే ప్రొప్రనలాల్ కూడా పైపరిన్‌తో కలిస్తే రక్తంలో పెరుగుతాయని చాలాకాలంగా తెలుసు. రోజుకు అయిదారు రకాల మాత్రలు మింగే పెద్దాయన ఈ క్యాప్సూల్ కలుపుకున్నాడంటే, డాక్టరు రాసిన మోతాదులన్నీ ఆయనకు తెలియకుండానే మారిపోవచ్చు. కాలేయం సంగతి సరేసరి. అమెరికాలో మందుల వల్ల కాలేయం చెడినవాళ్ల వివరాలు చేర్చే బృందం పసుపు సారం వల్ల చెడిన పది కేసులను 2022లో ప్రచురించింది. అయిదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో తిప్పతీగ కషాయం తాగి కామెర్లతో వచ్చినవాళ్ల గురించి ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే ఊళ్ల నుంచి ఇంకా కేసులు వచ్చాయి.

ఇన్నిసార్లు తప్పిన తరువాత 'మోతాదు సరిపోలేదు, ఇంకో రూపంలో ఇవ్వాలి' అనడం ఆపి, ఊహే తప్పేమోనని చూడాలి. తప్పే. మన రక్తంలో తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికి కావాలనే సూపరాక్సైడ్ తయారుచేస్తాయి. ఆ యంత్రం పుట్టుకతోనే పనిచేయని పిల్లలు ఉన్నారు. ఫ్రీ రాడికల్స్ తక్కువ కాబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉండాలి కదా? చీము గడ్డలతో, ఆగని ఇన్ఫెక్షన్లతో చిన్నతనంలోనే నలిగిపోతారు. వ్యాయామం చేసినప్పుడు కండరాల్లో ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని చూసే శరీరం తన కాపలాను పెంచుకుంటుంది, ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. 2009లో జర్మనీలో మైకేల్ రిస్టోవ్ బృందం యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగంమందికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చింది. మాత్రలు లేనివాళ్లలో ఇన్సులిన్ స్పందన మెరుగైంది. మాత్రలు మింగినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు కొట్టి, ఇంటికొచ్చి చప్పరించే సి విటమిన్ మాత్ర నోట్లో వేసుకునే షుగరు మనిషి ఈ సంగతి తెలుసుకోవాలి.

లెక్క కూడా చూడండి. కణాల్లో గ్లుటాథయోన్ అనే సొంత యాంటీ ఆక్సిడెంట్ మిల్లీమోల్ స్థాయిలో ఉంటుంది. తిన్న పాలీఫినాల్స్ (మొక్కల్లోని ఫినాల్ జాతి పదార్థాలు) రక్తంలో ఒక మైక్రోమోల్‌ను చేరడమే గొప్ప, అంటే వెయ్యోవంతు. ఆ మిగిలిన రవ్వ ఫ్రీ రాడికల్స్‌ను తుడిచేస్తుందనడం రసాయన శాస్త్రం కాదు, భక్తి. ఆపిల్ పళ్లు తిన్నాక రక్తంలో యాంటీ ఆక్సిడెంట్ శక్తి పెరిగినట్టు కనిపిస్తుంది నిజమే. లైనస్ పాలింగ్ పేరుతో ఒరెగాన్‌లో నడిచే సంస్థలోనే 2004లో ఈ గుట్టు విప్పారు: ఆ పెరుగుదల పండులోని పాలీఫినాల్స్‌ది కాదు, ఫ్రక్టోజ్ వల్ల పెరిగిన యూరిక్ యాసిడ్‌ది. గౌటు తెచ్చే అదే యూరిక్ యాసిడ్. విటమిన్ సి మహిమను ఊరూరా చాటిన పాలింగ్ పేరున్న చోటే ఇది తేలడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది. పండ్లకూ మసాలాలకూ యాంటీ ఆక్సిడెంట్ మార్కులు వేసి పెట్టిన పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ కూడా 2012లో తీసేసింది; గొట్టంలోని అంకెకు ఒంట్లో జరిగేదానితో పొంతన లేదు, కంపెనీలేమో దాన్ని ప్రకటనల్లో వాడుకుంటున్నాయి.

ప్రకృతి ఇచ్చిన మందుల్లో మన కాలపు మేటి ఆర్టెమిసినిన్. చైనాలో తు యూయూ మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసిన ఈ మలేరియా మందుకు 2015లో నోబెల్ వచ్చింది. అది ఎలా పనిచేస్తుంది? పరాన్నజీవి మింగిన రక్తంలోని ఇనుముతో కలిసి ఫ్రీ రాడికల్స్ పుట్టించి, వాటితో దాన్ని చంపుతుంది. యాంటీ ఆక్సిడెంట్ కాదు, దానికి నేరుగా ఎదురు. ఆయుష్షు సంగతిలోనూ అంతే: ఎలుక జాతిలో ఏ జంతువూ బతకనన్ని ఏళ్లు, ముప్ఫై ఏళ్లకు పైగా, బతికే నేకెడ్ మోల్ ర్యాట్ కణాల్లో ఆక్సీకరణ నష్టం మామూలు ఎలుకకంటే ఎక్కువే.

కొన్నిచోట్ల యాంటీ ఆక్సిడెంట్ మందులు పనిచేస్తాయని ఒప్పుకోవాలి. పారాసెటమాల్ అతిగా మింగినవాళ్ల కాలేయాన్ని ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కాపాడుతుంది. హరించుకుపోయిన గ్లుటాథయోన్‌ను అది తిరిగి నింపుతుంది. కంటి రెటీనా మధ్యభాగం అరిగే జబ్బు ఒక దశ దాటినవాళ్లకు జింకుతో కలిపిన విటమిన్ల మోతాదు ముదరడాన్ని తగ్గిస్తుంది. షుగరు లేనివాళ్లలో కొవ్వు కాలేయం వాచిన ఒక రకానికి విటమిన్ ఇ కొంత పనిచేసింది. విటమిన్ ఎ లోపంతో పిల్లల కళ్లు పోకుండా హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనాల ఆధారంగా 1970లో మొదలైన మోతాదుల పథకం మేలే చేసింది. ఇవన్నీ ఒక్కో జబ్బుకు, ఒక్కో మోతాదులో, పరీక్షించి తేల్చినవి. లోపం ఉన్నచోట ఇవ్వడం వేరు, నిండిన కుండలో పొయ్యడం వేరు.

'మరి ఆకుకూరలు తినడం వల్ల మేలు లేదా?' అని నా మీద విరుచుకుపడకండి. ఉంది. గోంగూరలో పీచు ఉంది, పొటాషియం ఉంది, ఫోలేట్ ఉంది. అన్నిటికన్నా, కంచంలో అది ఆక్రమించిన చోట ఇంకో గరిటె అన్నమో బజ్జీలో పడలేదు. ఆ మేలంతా ఒక్క అణువుకు కట్టబెట్టి సీసాలో పెట్టి అమ్మడం మీదే నా తగవు.

అమ్మకానికి ఈ మాట ఇంత పనికిరావడానికి ఇంకో కారణం చట్టంలో ఉంది. షుగరు, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టం కింద నేరం. ఆ చట్టం జాబితాలో 'ఆక్సీకరణ ఒత్తిడి' లేదు. కాబట్టి సీసా ముందువైపు దాన్ని తగ్గిస్తామని పెద్ద అక్షరాలతో వెయ్యొచ్చు, వెనకవైపు వైద్య ఉపయోగం కోసం కాదని చిన్న అక్షరాలతో వెయ్యొచ్చు. అది తగ్గిందో లేదో కొనుక్కున్న మనిషి తేల్చుకునే దారి లేదు. చక్కెర కొలవొచ్చు, బీపీ కొలవొచ్చు. ఇది తగ్గిందని సీసా ఖాళీ అయ్యాక నమ్మడమే.

క్యాన్సర్ వార్డు దగ్గర ఈ నమ్మకం మరీ భయపెడుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇక్కడ గుర్తుకు రావాలి. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. విటమిన్ కదా, మేలు చేస్తుందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ జాతి పదార్థాన్ని లుకేమియా పిల్లలకు ఇస్తే, జబ్బు ముదురుతున్నట్టు కనిపించింది. వాళ్లిద్దరూ విటమిన్‌ను పట్టుకు వేలాడలేదు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. 1948లో ఆ పిల్లల్లో కొందరికి, తాత్కాలికంగానైనా, జబ్బు వెనక్కి తగ్గింది. మంచి కణానికి బలమిచ్చేది చెడ్డ కణానికీ బలమిస్తుందన్న సంగతి మన తెలుగువాడి ల్యాబులోంచి వచ్చి ఇన్నేళ్లయింది. 2014లో స్వీడన్ పరిశోధకులు ఊపిరితిత్తుల గడ్డలున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ పెడితే గడ్డలు వేగంగా పెరిగాయి, ఎలుకలు తొందరగా చచ్చాయి. మరుసటి ఏడాది మెలనోమా ఎలుకల్లో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ పెట్టినవాటికి క్యాన్సర్ ఇతర భాగాలకు ఎక్కువగా పాకింది. రేడియేషన్ చికిత్స గడ్డను చంపేదే ఎక్కువగా ఫ్రీ రాడికల్స్ ద్వారా. బోర్టెజోమిబ్ అనే మైలోమా మందును గ్రీన్ టీలోని ఈజీసీజీ నేరుగా అంటిపెట్టుకుని పనిచెయ్యనివ్వదని 2009లో ఎలుకల్లో చూపించారు.

అయినా కీమో కుర్చీలో కూర్చున్న మనిషి పక్కన సంచీలో పసుపు క్యాప్సూళ్లు ఉంటాయి, ద్రాక్షగింజల సారం ఉంటుంది, అమెరికా నుంచి కొడుకు పంపిన గ్రీన్ టీ మాత్రలు ఉంటాయి. డాక్టరుకు చెప్పరు. దాచాలని కాదు, అది మందే కాదనుకుంటారు. 'ఇంకేమన్నా వాడుతున్నారా' అని అడిగితే 'లేదండీ' అంటారు. 'ఆకులు, పొడులు, క్యాప్సూళ్లు, ఎవరన్నా ఇచ్చినవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి, సీసాలతో సహా తీసుకురండి' అని విడివిడిగా అడిగితేనే సంచీ తెరుచుకుంటుంది.